ఖాళీ ఇంటి మీటరు

పోయినవారం అద్దాలమ్మాయిని కళ్ళజోళ్ళ షాపులో, అద్దాలు అరగదీసే యంత్రం ముందు, చెవి దగ్గర ఫోనుతో వదిలి వచ్చాం. "గెలిచాం అమ్మాయ్! పని పక్కన పడేసి రా!" అని అరిచి ఫోను పెట్టేశాడు కండక్టర్ బాబాయి. ఏం గెలిచారో, ఎలా గెలిచారో చెప్పలేదు. ఆయన ధోరణే అంత. బస్సు దిగి ఏళ్ళు గడిచినా సగం మాట చెప్పి విజిల్ ఊదే అలవాటు మాత్రం ఆయన్ని వదల్లేదు.

కథలోకి ఇప్పుడే అడుగు పెడుతున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఆ వీధిలో ఇంటింటికీ పాత కరెంటు మీటరు పీకేసి స్మార్ట్ మీటరు బిగిస్తామని ఆఫీసు వాళ్ళు వచ్చిన రోజు నుంచి గొడవ నడుస్తోంది. బిల్లు తడిసి మోపెడవుతుందని కొందరి భయం. ఎక్కడో కూర్చుని మీట నొక్కి ఇంట్లో కరెంటు ఆపేస్తారని ఇంకొందరి భయం. వ్యాను కనబడగానే ఎవరో ఒకరు గిన్నె మూత మోగిస్తారు. ఆడవాళ్ళందరూ ఎక్కడి పని అక్కడ వదిలేసి, ఎవరి మీటరు పెట్టెకు వాళ్ళు వీపు ఆనించి నిలబడతారు. ఆడమనిషిని నెట్టి మీటరు మీద చెయ్యి వేసే ధైర్యం బిగించేవాళ్ళకు ఉండదు. దీనికి 'వీపు కాపలా' అని పేరు పెట్టింది పిండిమర నడిపే అక్క. అందరికంటే ముందొచ్చి నిలబడేది, అందరికంటే ఆఖరున కదిలేది మాత్రం అద్దాలమ్మాయి.

ఆమెకు అంత పట్టుదల ఎందుకో వీధిలో ఎవరికీ తెలియదు. మనకు తెలుసు. స్లాబు కారుతోంది, మనుషులు ఉండడానికి వీల్లేదు అని చెప్పి తాళం వేసిన ఆమె ఇంటి పై భాగంలో, వేసవి మొదట్లో మొగుణ్ణి వదిలి పారిపోయి వచ్చిన అక్క దాక్కుని ఉంది. ఆ మొగుడు, అంటే అద్దాలమ్మాయికి బావ, కరెంటు ఆఫీసులోనే పని చేస్తాడు. ఏ మీటరు ఎంత తిరిగిందో తెర మీద కనబడే గది ఆయనది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, పెళ్ళాన్ని లోపల పెట్టి బయట తాళం వేసి ఆఫీసుకు వెళ్ళిన మనిషి. ఒకసారి అక్క పోలీసు స్టేషను దాకా వెళ్ళగలిగింది. ఆయన వచ్చి రెండు మెత్తని మాటలు చెప్పేసరికి, వాళ్ళే ఆటో పిలిచి ఆమెను ఆయన పక్కన కూర్చోబెట్టి పంపించారు. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఎవరినీ నమ్మడం మానేశారు.

ఇక అసలు సంగతికి వద్దాం.

అద్దాలమ్మాయి తలనొప్పి అని చెప్పి షాపులోంచి బయటపడింది. దారంతా మనసు పరిపరి విధాల పోయింది. నిజంగానే గెలిచి ఉంటే ఈ పూట అక్కతో కలిసి కడుపునిండా తినాలనుకుంది. మంచి కబురు విని చాలా కాలమైంది కాబట్టి, దాన్ని నమ్మడానికి కూడా భయమే వేసింది.

వీధి మొదట్లోనే సందడి వినిపించింది. పిండిమర ముందు కుర్చీలు వేసుకుని అందరూ టీ తాగుతున్నారు. వీపులు వాచేలా నిలబడ్డ ఆడవాళ్ళు ఇప్పుడు ఆ వీపులు కుర్చీలకు ఆనించి తీరిగ్గా నవ్వుకుంటున్నారు. మధ్యలో కండక్టర్ బాబాయి, పెళ్ళికొడుకు తండ్రిలా ఎవరికి టీ అందిందో లేదో చూస్తూ తిరుగుతున్నాడు.

"రైట్ రైట్! ఇదిగో, రావాల్సిన మనిషి వచ్చింది!" అన్నాడు ఆమెను చూడగానే. "ముందు టీ పుచ్చుకో."

"అసలేమైంది బాబాయ్?"

"ఏమవుతుంది? ఆఫీసు దిగొచ్చింది. కాపరం ఉన్న ఏ ఇంటి జోలికీ రామని మాటిచ్చారు. మనం ఉన్నంతకాలం మన పాత మీటర్లే."

చుట్టూ చప్పట్లు కొట్టారు. అద్దాలమ్మాయి చేతిలోకి గ్లాసు వచ్చింది. వేడి తెలియలేదు.

"ఊరికే దిగొచ్చారా?"

"ఊరికే ఎవరు దిగొస్తారమ్మా! వాళ్ళు నాలుగు మెట్లు దిగారు, మనం ఒక్క మెట్టు దిగాం. తాళం వేసున్న ఇళ్ళకి బిగించుకోండి అన్నాం. మనిషే లేని ఇంటికి ఏ మీటరైతే ఏంటి? బిల్లొచ్చేదా, చచ్చేదా! చివరింటిది, ఆ పాత గోడౌనుది, మీ పై భాగానిది. అంతే."

"బిగిస్తామన్నారా?"

"బిగించేశారు కూడా. మధ్యాహ్నమే. నువ్వు పనిలో ఉంటావని నేనే దగ్గరుండి చూసుకున్నా. గోడకి పెచ్చు కూడా ఊడలేదు."

ఆమె తల తిప్పి తన ఇంటి వైపు చూసింది. బయటి మెట్ల మొదట్లో, గోడకు ఉన్న పెట్టెలో రెండు మీటర్లు ఉండేవి. కింది భాగానిది పాతదే. దాని పక్కన, గాజు మసకబారిపోయిన రెండో పాత మీటరు ఉండాల్సిన చోట, బూడిదరంగు డబ్బా ఒకటి నిగనిగలాడుతోంది. దాని మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. లోపల కరెంటు వాడుతున్నంతసేపూ ఆ లైటు అలా కొట్టుకుంటుందని మీటింగుల్లో అందరికీ విడమరిచి చెప్పింది కండక్టర్ బాబాయే. గెలిచిన సంబరంలో ఇవాళ ఆయనే దాని వంక చూడలేదు.

పైన అక్క ఫ్యాను వేసుకుని ఉంది. వంట కూడా కరెంటు పొయ్యి మీదే. గ్యాసు బండ తెప్పిస్తే మోసుకొచ్చినవాడు చూస్తాడని ఆ ఏర్పాటు చేసుకున్నారు. ఇన్నాళ్ళూ నెలకోసారి వచ్చే మీటరు రీడరు పై తలుపుకున్న తాళం కప్పను గేటు బయటి నుంచే చూసి, 'తాళం వేసి ఉంది' అని మిషన్లో కొట్టుకుని పోయేవాడు. ఒక బద్ధకస్తుడి పుణ్యమా అని అక్క బతికింది. ఈ డబ్బాకు బద్ధకం లేదు.

"ఎవర్నడిగి పెట్టించావ్ బాబాయ్?"

మాట గట్టిగానే వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

"అదేంటమ్మా, అలా అంటావ్? నీ ఇంటికి కాదుగా. ఖాళీ ఇంటికి."

"ఖాళీదైనా నాది. నా గోడ. నా గోడ మీద చెయ్యి వేసే ముందు నన్నొక్క మాట అడగాలని తోచలేదా నీకు? ఇన్నాళ్ళు ఎండలో నిలబెట్టింది ఇందుకా?"

కండక్టర్ బాబాయి మొహం చిన్నబోయింది. ఆయన కూతురు చిన్నప్పుడే పోయింది. ఈ అమ్మాయి వీధిలోకి వచ్చిన దగ్గర్నుంచి నోరారా అమ్మాయ్ అని పిలుచుకుంటున్నాడు. "నీ కోసమే చేశానమ్మా," అన్నాడు. "అందరికంటే ఎక్కువ అవస్థ పడుతున్నది నువ్వేనని. పని మానుకుని పరిగెత్తుకు రావడం, ఆ షాపు యజమాని చేత మాటలు పడటం. ఇంక నీకా బాధ లేకుండా చేద్దామని..."

"తీయించేయ్. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. ఆ డబ్బా తీసేయమను."

"మాటిచ్చాం కదే తల్లీ. ఇప్పుడు వెనక్కి తగ్గితే వీధి మొత్తానికి బిగిస్తారు. నీ ఒక్క ఖాళీ ఇంటి కోసం ఇంతమందిని ముంచమంటావా?"

పిండిమర అక్క కలగజేసుకుంది. మంచి మనిషే కాని నోటికి గేటు లేదు. "ఏంటమ్మోయ్, మరీ అంత కోపం? పైన మొగుణ్ణేమైనా దాచిపెట్టావా ఏంటి?"

అందరూ పగలబడి నవ్వారు. అద్దాలమ్మాయి కూడా నవ్వాలి. నవ్వకపోతే అనుమానం వస్తుంది. పెదవులు సాగదీసి నవ్వాననిపించుకుని, పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

చెప్పేద్దామా అని ఆ క్షణంలో అనిపించింది. వీళ్ళు పరాయివాళ్ళు కారు. ఇన్ని రోజులు భుజం భుజం కలిపి నిలబడ్డవాళ్ళు. బాబాయ్, పైన మా అక్క ఉంది అని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచింది కూడా. కాని ఇంతమంది ముందు అన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, ఊరంతా పాకింది ఆఫీసుకు చేరదా? నోరు మూసుకుంది. ఆ మాట అప్పుడే అనేసి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. మనం ఒడ్డున కూర్చుని అనుకోవడం తేలికే.

కండక్టర్ బాబాయి ఆమెను శాంతపరచడానికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ వచ్చిన ఆఫీసరు నిజంగా పెద్దమనిషమ్మా. ఇంతకుముందు వచ్చినవాళ్ళలా కసురుకోలేదు. ఈ ఉపాయం కూడా ఆయన చెప్పిందే. అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టాడు. ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. కూర్చునే ముందు జేబురుమాలు తీసి కుర్చీ తుడుచుకుని, మళ్ళీ దాన్ని నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచూసి మరీ జేబులో పెట్టుకున్నాడు. ఎంత శుభ్రమైన మనిషో!"

అద్దాలమ్మాయి గ్లాసు కింద పెట్టేసింది. అక్క పెళ్ళిచూపుల నాడు తమ ఇంట్లో, అమ్మ తుడిచి వేసిన కుర్చీనే మళ్ళీ తుడుచుకుని, ఆ రుమాలును అలాగే నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచూసుకున్న మనిషి ఒకడున్నాడు. ఎంత శుభ్రమైన పిల్లాడో అని అమ్మ కూడా ఇలాగే మురిసిపోయింది.

"ఏమడిగాడు బాబాయ్?" అంది.

"ఏముంది, ఖాళీ ఇళ్ళేవని అడిగాడు. చూపించాను. మీ ఇంటి దగ్గర మాత్రం కాసేపు ఆగాడు. పైన నిజంగా ఎవరూ లేరు కదా, తర్వాత మాట రాకూడదు అని రెండుసార్లు అడిగాడు. పిట్ట కూడా లేదు సార్, నా మాట నమ్మండి అన్నాను. ఆయన నవ్వి, మీ మాట నమ్ముతాను అన్నాడు."

బాబాయికి ఇది గర్వంగా ఉంది. పరాయివాడు తన మాట నమ్మాడని. ఆమెకు మాత్రం ఆ వీధి, ఆ కుర్చీలు, ఆ నవ్వు మొహాలు అన్నీ దూరంగా జరిగిపోయినట్టు అనిపించింది. బావ ఇదివరకు ఒకసారి షాపుకు వచ్చి, కళ్ళు పరీక్ష చేయించుకుని, మీ అక్క కబురేమైనా తెలిసిందా అని మర్యాదగా అడిగి వెళ్ళాడు. ఇంటి దాకా మాత్రం రాలేదు. ఇవాళ వచ్చాడు. గోడకు తన కన్ను ఒకటి అతికించి మరీ వెళ్ళాడు.

"తలనొప్పిగా ఉంది బాబాయ్. కాసేపు పడుకుంటా," అని లేచింది.

"పడుకో తల్లీ. కోపం పెట్టుకోకు," అన్నాడాయన వెనక నుంచి.

ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని, వెనక బట్టలుతికే చోటికి పరిగెత్తింది. అక్కడ గోడకు వేలాడేసిన ఇనుప నిచ్చెన ఉంది. చుట్టూ ఎత్తు గోడలు కాబట్టి ఎవరికీ కనబడదు. మేడ మీది వంటగది వెనక తలుపు దగ్గరికి తీసుకెళుతుంది. ఎక్కుతుంటే చెప్పు జారింది. తీసుకోవడానికి ఆగలేదు.

అక్క కింద కూర్చుని, చిన్న లైటు ముందు పెట్టుకుని, కళ్ళజోడు ఫ్రేములకు మరలు బిగిస్తోంది. చెల్లెలు షాపు నుంచి తెచ్చే పని అది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని తనే అడిగి చేస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. మూల చిన్న ఫ్రిజ్జు గురగురమంటోంది.

"ఇంత పెందలాడే వచ్చావేంటే?" అంది గుసగుసగా. ఈ ఇంట్లో ఇద్దరికీ గుసగుసే అలవాటైపోయింది.

అద్దాలమ్మాయి గోడ దగ్గరికి ఉరికి ఫ్యాను ఆపింది. లైటు ఆపింది. ఫ్రిజ్జు ప్లగ్గు పీకింది. అదీ చాలదన్నట్టు మెయిన్ స్విచ్చి కూడా కిందికి లాగేసింది. నల్ల కర్టెన్ల వెనక గది ఒక్కసారిగా చీకటయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా ఆగాయి. కింద టీ తాగుతున్నవాళ్ళ మాటలు స్పష్టంగా వినబడసాగాయి.

"ఏమైందో చెప్పి ఏడువు," అంది అక్క.

చెప్పింది. రుమాలు దగ్గరికి వచ్చేసరికి అక్క చేతిలో ఉన్న ఫ్రేము ఒళ్ళో పడింది. ఆయన విరిచాక వంకరగా అతుక్కున్న చిటికెన వేలిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది.

"ఇంక ఏమీ వెయ్యకు అక్కా. ఎంత ఉక్కపోసినా సరే. వంట నేను కింద చేసి తెస్తా. ఆ లైటు కొట్టుకోకపోతే ఖాళీ ఇల్లే అనుకుంటాడు. రెండు రోజులు చూసి వదిలేస్తాడు."

"ఎంతసేపైంది బిగించి?"

"మధ్యాహ్నం అన్నారు."

"మధ్యాహ్నం కాసేపు కరెంటు పోతే కోత అనుకున్నా. అప్పటి నుంచీ అన్నీ తిరుగుతూనే ఉన్నాయి కదే."

"మొన్న మేస్త్రీకి స్లాబు చూపించడానికి వచ్చి ఫ్రిజ్జు ఆపడం మర్చిపోయా అని చెప్తా. ఫ్యాను కూడా మర్చిపోయా అంటా. ఎవరు కాదంటారు?"

అక్క చీకట్లో ఆమె వైపు చూసింది. ఆయనతో కాపరం చేసింది ఆమె. ఆయన బుర్ర ఎటు తిరుగుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"పిచ్చిదానా, ఎంత పని చేశావే!" అంది. "మర్చిపోయాం అంటే సరిపోయేది. ఖాళీ ఇంట్లో ఫ్యాను తిరగొచ్చు, ఫ్రిజ్జు నడవొచ్చు. ఆపడానికి మాత్రం మనిషి కావాలి. తాళం వేసున్న ఇంట్లో అన్నీ ఒక్కసారి ఎవరు ఆపారు?"

అద్దాలమ్మాయి చెయ్యి మెల్లగా మెయిన్ స్విచ్చి మీదికి వెళ్ళింది. మళ్ళీ వెయ్యాలా? వేస్తే అదింకా పెద్ద సాక్ష్యం. వెయ్యకపోతే ఇదే సాక్ష్యం. ఆ చెయ్యి ఎటూ కదలకుండా గోడ మీదే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ కాపాడుకుంటూ వచ్చిన మనిషిని తన చేత్తో తనే పట్టించానని తెలిసి ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడే ఫోను వణికింది. బావ.

తీయకపోతే ఇంకా అనుమానం. తీసింది.

"బాగున్నావా మరదలా?" ఆ గొంతులో కోపం ఎప్పుడూ ఉండదు. ఏ రోజైనా అరిచి ఉంటే ఇంత భయం ఉండేది కాదేమో. "ఆఫీసులో కూర్చుంటే అరగంటకోసారి గాని లెక్క రాదు. అందుకని నేనే వచ్చాను. మీ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నా. లైటు పాపం ఆగకుండా కొట్టుకుంటోంది. ఫ్రిజ్జేదో మర్చిపోయి ఉంటావులే అనుకుంటూ చూస్తున్నా. నేను చూస్తుండగానే టక్కున ఆగిపోయింది."

"కరెంటు... కరెంటు పోయింది బావా."

"కింద మీ మీటరు తిరుగుతోందిగా."

ఆమె స్విచ్చి మీది చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మీ అక్కకి ఉక్కపోత అస్సలు పడదు," అన్నాడాయన. "ఫ్యాను వేసుకోమని చెప్పు. నా కోసం ఆ అవస్థ ఎందుకు?"

ఫోనులోంచి వచ్చిన ఆ మాటలు అక్క వింది. లేచి దగ్గరికి వచ్చింది. "ఇలా ఇవ్వు," అంది. అద్దాలమ్మాయి ఇవ్వనంది. అక్క ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఫోను తీసుకుంది. వేసవి నుంచి గుసగుసకే అలవాటు పడ్డ ఆ గొంతును మొదటిసారి మామూలుగా పైకెత్తింది.

"నేనే. పైనే ఉన్నాను. రండి. కాని ఒక్కరే రావద్దు. ఆ పిండిమర దగ్గర కూర్చున్నవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని రండి. ఏం మాట్లాడినా వాళ్ళ ముందే మాట్లాడదాం."

అద్దాలమ్మాయి అక్క మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇన్ని నెలలుగా ఈ ఒక్క దారి తనకెందుకు తోచలేదు? బాబాయి ఉన్నాడు, పిండిమర అక్క ఉంది, అంతమంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఆయన ఏం చేయగలడు? గుండె కాస్త కుదుటపడింది.

అవతల బావ మెల్లగా నిట్టూర్చాడు.

"లైటు ఆగగానే వాళ్ళందర్నీ పిలిచాను, నా పక్కనే ఉన్నారు," అన్నాడు. "నీ సంగతి అంతా చెప్పాను. చాలా బాధపడుతున్నారు. మతి సరిగా లేని మనిషిని సొంత చెల్లెలే గదిలో పెట్టి తాళం వేసిందంటే ఎవరు మాత్రం బాధపడరు? అందుకే కదా ఆ మీటరంటే ఆ అమ్మాయికి అంత భయం."

బయటి మెట్ల మీద ఒకేసారి చాలా అడుగులు వినిపించాయి. పిండిమర అక్క ఏడుస్తూ ఏదో అంటోంది. అందర్నీ తోసుకుని ముందుకొచ్చిన కండక్టర్ బాబాయి గొంతు తలుపు అవతలే వినబడింది. ఆ గొంతులో తన మీద అద్దాలమ్మాయి ఏనాడూ వినని అసహ్యం ఉంది.

"భయపడకు తల్లీ! లోపల ఎవరున్నా తలుపుకి దూరంగా జరుగు! మేమంతా ఉన్నాం, నిన్ను మీ ఆయన దగ్గరికి చేర్చే పూచీ నాది!"

తాళం కప్ప మీద మొదటి సుత్తి దెబ్బ పడింది.